రెండడుగుల దడికి ఏ మొక్క? బెంగళూరు లెక్కలు వేరు

బెంగళూరు సిద్దాపుర నర్సరీల్లో ఏ కొట్టు ముందు ఆగి "హెడ్జ్‌కి మొక్కలు కావాలి" అని అడిగినా ముందుగా చూపించేది గోల్డెన్ డురంటానే. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో అరడుగు ఎత్తున, పండిన నిమ్మకాయ రంగులో మెరుస్తూ వరసగా పేర్చి ఉంటుంది. చవక. ఎండకి తట్టుకుంటుంది. ఏడాది తిరిగేలోపు దడి కట్టేస్తుంది. అందుకే టెక్ పార్కుల ముందు డివైడర్ల నుంచి థర్టీ ఫార్టీ అడుగుల సైట్లలో కట్టిన ఇళ్ళ గేట్ల దాకా ఊరంతా అదే కనిపిస్తుంది. ఏడాదంతా పచ్చగా ఉండాలి, గుబురుగా ఉండాలి, పొట్టిగా ఉండాలి అని మూడు కోరికలతో వచ్చినవాళ్ళకి మూడింటికీ అదొక్కటే జవాబు అన్నట్టు అమ్ముతారు. మొదటి రెండూ ఒప్పుకోవచ్చు. మూడోది మాత్రం మాలి చేతిలో కత్తెర చేసే పని. మొక్కని దాని మానాన వదిలేస్తే మనిషి ఎత్తు దాటిపోయే పొద అది.

అసలు "ఎవర్‌గ్రీన్" అన్న మాట దగ్గరే చిన్న చిక్కు ఉంది. చలిదేశాల్లో తోట వేసేవాళ్ళకి అది మొట్టమొదటి ప్రశ్న. అక్కడ నవంబరు వచ్చేసరికి సగం పొదలు మోడువారతాయి, కాబట్టి శీతాకాలంలోనూ ఆకు నిలిచే మొక్కలేవో ముందు వేరు చేసుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. జనవరి రాత్రుల్లో కూడా మామూలుగా 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఇక్కడ నర్సరీలో అమ్మే పొదల్లో చాలావరకు ఎలాగూ ఆకు రాల్చనివే. ఎవర్‌గ్రీన్ కావాలని జల్లెడ పడితే కిందకి పడేది దాదాపు ఏమీ ఉండదు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. చలికి నిద్రపోని మొక్క పన్నెండు నెలలూ ఎదుగుతూనే ఉంటుంది, మరి ఎంత వేగంగా ఎదుగుతుంది? పొట్టి హెడ్జ్ విషయంలో ఈ ఊళ్ళో తేలాల్సింది ఆ వేగమే.

యూరప్‌లో మోకాలెత్తు దడి అనగానే గుర్తొచ్చేది బాక్స్‌వుడ్. రాజభవనాల ముందు గీసి పెట్టినట్టుండే ఆకుపచ్చ గళ్ళన్నీ దానివే. ఫోన్‌లో ఆ ఫొటోలు చూసి అదే కావాలని ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. దాని బంధువు మన దేశంలో పెరిగేది హిమాలయాల్లో. ఆ కుటుంబానికి చల్లటి చలికాలం అలవాటు. దక్కను ఎండలో ఏదో బతికి ఉంటుందేమో కానీ కళకళలాడదు. పైగా పుట్టినింట్లోనే దానికి సుఖం లేదు. 1990ల నుంచి బ్రిటన్‌లో శిలీంధ్ర తెగులు పట్టుకుంది, 2007 నుంచి యూరప్ అంతటా ఒక చిమ్మట పురుగు తినేస్తోంది. అక్కడివాళ్ళే దాని బదులు ఏం నాటాలా అని వెతుక్కుంటున్నారు. 1908లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్న గుస్తావ్ క్రుంబీగల్ జర్మన్, లండన్ దగ్గరి క్యూ తోటల్లో పనిచేసి వచ్చినవాడు. ఈ ఊరి తోటల్లో కొలతపెట్టి కత్తిరించినట్టుండే యూరప్ పోకడ బలపడింది ఆ కాలంలోనే. ఆకారం అక్కడి నుంచి తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. మొక్క మాత్రం ఈ గాలికి తగ్గది కావాలి.

పొట్టితనం ఎక్కడ ఉంటుందో చూడాలంటే రెండు రెమ్మలు తుంచి పక్కపక్కన పెడితే చాలు. డురంటా కొత్త రెమ్మలో ఒక కణుపుకీ తర్వాతి కణుపుకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉంటుంది. మాల్పీజియా అనే చిన్నాకుల పొద రెమ్మ తీసుకుంటే కణుపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి, కాడ కనిపించకుండా ఆకులు కమ్మేస్తాయి. రెండు రెమ్మలకీ పది ఆకులే పెరిగాయనుకున్నా మొదటిది జానెడు పైకి వెళ్తుంది, రెండోది రెండు మూడు వేళ్ళ దగ్గరే ఆగుతుంది. గుబురు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. కొమ్మ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని అణచి ఉంచుతుంది. కొస తుంచితే ఆ అణచివేత తొలగి పక్క మొగ్గలు విచ్చుకుంటాయి. కత్తిరిస్తే మొక్క గుబురుగా అవుతుందనే మాటకి అర్థం అదే. కణుపుల మధ్య ఎడం ఎక్కువున్న మొక్కలో విచ్చుకునే మొగ్గలు దూరదూరంగా ఉంటాయి, కాబట్టి ఎన్నిసార్లు కత్తిరించినా లోపల బోలుగానే ఉంటుంది. నాలుగేళ్ళ డురంటా దడిని రెండు చేతులతో విడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. నాలుగు అంగుళాల మందాన పసుపు తొడుగు, లోపలంతా ఎండు పుల్లలు, సాలెగూళ్ళు, ఎవరో విసిరిన చిప్స్ ప్యాకెట్.

నర్సరీలో కనిపించే గుబురు చూసి మోసపోయే అవకాశం కూడా ఉంది. కుండీ మొక్కల్ని ముద్దుగా, పొట్టిగా ఉంచడానికి ఎదుగుదల తగ్గించే మందులు వాడటం పూలమొక్కల వ్యాపారంలో మామూలే. పాక్లోబ్యుట్రజాల్ అలాంటిదే. మామిడి తోటలున్న తెలుగువాళ్ళకి ఈ పేరు కొత్త కాదు, పూత కోసం చెట్టు మొదట్లో పోసేది అదే. మొక్కలో కాడని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీని అది అడ్డుకుంటుంది. నేలలో నాటాక కొన్ని నెలలకి మందు ప్రభావం తగ్గి, అణిగిమణిగి ఉన్న మొక్క ఒక్కసారిగా కాళ్ళు చాపుతుంది. కుండీలో చూసిన దాన్ని బట్టి కాకుండా, అదే రకం నేలలో నాలుగైదేళ్ళుగా ఉన్న చోటు చూసి తేల్చుకోవడం మేలు. అందుకు లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల్లో ఒక పొద్దున్న నడిస్తే చాలు.

ఇక చాకిరీ లెక్క. ఇరవై అడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు ఉన్న దడికి రెండు పక్కలూ కలిపి 80 చదరపు అడుగులు, పైభాగం 30, మొత్తం 110 చదరపు అడుగుల మేర కత్తెర ఆడాలి. డురంటాకి వానల్లో మూడు వారాలకోసారి, ఎండల్లో కాస్త ఆలస్యంగా, సగటున నెలకోసారి కత్తిరింపు తప్పదు. ఏడాదికి 1,320 చదరపు అడుగులు. ఏడాదికి మూడుసార్లు సరిపోయే మొక్కకి 330. రెండు నెలలు ఊరెళ్ళి వచ్చేసరికి మొదటిది గేటు తెరవనివ్వదు, రెండోదానికి మనం వెళ్ళిన సంగతే తెలియదు. వారానికి ఒకపూట వచ్చే మాలి మీద ఆధారపడే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. మొక్క కొన్నప్పుడు మిగిలిన డబ్బు మాలి కూలిలో ఏడాది తిరక్కుండానే తిరిగి వెళ్ళిపోతుంది.

ఈ లెక్కన ముందు వరసలో నిలబెట్టాల్సింది మాల్పీజియా. కరీబియన్ దీవుల మొక్క. గోటి ప్రమాణంలో మెరిసే ఆకులు, అంచుల్లో చిన్న ముళ్ళు, అప్పుడప్పుడు తెలుపు గులాబీ కలిసిన పూలు. దానంతట అదే మూడడుగుల దగ్గర ఆగిపోతుంది. దీనికున్న లోపం ఒక్కటే, నిదానం. నాటిన మొదటి ఏడాది దడిలాగా కాదు, వరసలో నిలబెట్టిన ఇడ్లీల్లా ఉంటుంది. ఎదురింటి డురంటా నడుమెత్తుకి వచ్చేసరికి ఇది ఇంకా చీలమండ దాటదు. అప్పుడు కంగారుపడి పీకేసేవాళ్ళు చాలామంది. మూడో ఏటికి మాత్రం చెయ్యి దూరనంత దట్టంగా అల్లుకుంటుంది.

కాస్త పూలు కూడా కావాలనుకునే తెలుగింటికి పొట్టి నందివర్ధనం బాగా నప్పుతుంది. నర్సరీలో కన్నడంలో అడగాలంటే నందిబట్టలు. పెరట్లో చెట్టంత పెరిగే పాత నందివర్ధనం దీనికి అక్క. పొట్టి రకం రెండు మూడు అడుగుల్లోనే గుండ్రంగా గుబురు కడుతుంది, చిన్న చిన్న తెల్లపూలు ఏడాది పొడుగునా పూస్తాయి. పొద్దున్నే దేవుడికి నాలుగు పూలు కోసుకోవచ్చు. సగం ఎండ, సగం నీడ ఉన్న చోట కూడా నెట్టుకొస్తుంది. తుంచితే పాలు కారతాయి కాబట్టి కత్తిరించేటప్పుడు చేతికి గ్లౌజులు మంచిది. దీనికో అతిథి ఉంది. ఒకరోజు తెల్లారేసరికి ఒక పక్క కొమ్మలు ఆకుల్లేకుండా కనిపిస్తాయి, కింద గచ్చు మీద మిరియాల్లాంటి నల్లటి రెట్టలు. ఆ రెట్టలకి సరిగ్గా పైన వెతికితే వేలంత లావు పచ్చ గొంగళిపురుగు దొరుకుతుంది. కదిపితే తల లోపలికి ముడిచి, మెడ దగ్గరున్న రెండు నీలం మచ్చల్ని కళ్ళలా ఉబ్బించి చూపిస్తుంది. గన్నేరు మీద, బిళ్ళగన్నేరు మీద బతికే చిమ్మటే ఇదీ. మందు కొట్టక్కర్లేదు, ఏరి దూరంగా వదిలేస్తే సరి. రెండు వారాల్లో ఆకు మళ్ళీ వస్తుంది.

నూరువరహాల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులో ఎక్కువగా ఆశపడేదీ, ఎక్కువగా నిరాశపడేదీ దీనితోనే. మినీ రకాలు పొట్టిగా, ఆకు చిన్నగా, గుత్తులు గుత్తులుగా పూస్తూ నర్సరీలో కళ్ళు తిప్పుకోనివ్వవు. దక్షిణ భారతానికీ శ్రీలంకకీ చెందిన ఎర్రపూల నూరువరహాల వంశమంతా కాస్త పులుపు, అంటే ఆమ్ల గుణం ఉన్న నేలని కోరుతుంది. బెంగళూరు ఎర్రమట్టి సహజంగా అందుకు అనుకూలమే. కానీ పొట్టి హెడ్జ్ వేసేది ఎక్కడ? కాంపౌండ్ గోడ పక్కన. అక్కడి మట్టిలో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్ళలు, సున్నం, ఇటుక ముక్కలు కలిసి ఉంటాయి. దాని మీద బోరు నీళ్ళు, ఉప్పదనం ఎక్కువ. రెండూ కలిసి నేల క్షారంగా మారితే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. ఆరు నెలలకి కొత్త ఆకులు పసుపు రంగులోకి తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. కింది పాత ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని తక్కువైనట్టు. పై లేత ఆకులు వలలాగా పసుపెక్కితే ఇనుము అందనట్టు. ఈ తేడా తెలియక పేడ ఎరువు, యూరియా వేస్తూ పోయేవాళ్ళే ఎక్కువ. ఇనుము చిలేట్ (మొక్క తేలిగ్గా తీసుకునే ఇనుము మందు) ఆకుల మీద పిచికారీ చేస్తే పచ్చదనం వస్తుంది, మళ్ళీ పోతుంది. రెండడుగుల వెడల్పున పాత మట్టి తవ్వి తీసేసి మంచి ఎర్రమట్టి, కంపోస్ట్ నింపే ఓపిక లేకపోతే గోడ పక్కన నూరువరహాల జోలికి పోకపోవడమే నయం. ఇంకొకటి, పూలు కొమ్మ కొసల్లో వస్తాయి. డురంటాని గీసినట్టు పైన చదునుగా గీసేస్తే మొగ్గలన్నీ కత్తెరకే పోతాయి. ఒక విడత పూసి వాడాకే చెయ్యి పెట్టాలి.

నాగగొలుగుకి సువాసన ఉంది, ముదురాకుపచ్చ మెరుపు ఉంది, కత్తిరింపుకి చక్కగా లొంగుతుంది. పొట్టి రకాలూ దొరుకుతాయి. అయితే అది నిమ్మ కుటుంబానిది. బత్తాయి, నిమ్మ తోటల్ని దెబ్బతీసే గ్రీనింగ్ తెగులుని మోసుకొచ్చే చిన్న పురుగుకి నాగగొలుగు లేత చిగుళ్ళంటే ప్రాణం. కత్తిరించిన ప్రతిసారీ లేత చిగుళ్ళే వస్తాయి, అంటే ఆ పురుగుకి ఏడాది పొడుగునా విందు. పెరట్లో నిమ్మచెట్టు ఉంటే ఇంటి ముందు దడికి నాగగొలుగు వద్దు. నిమ్మ లేని ఇళ్ళకి నిశ్చింత.

నీళ్ళు తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న చోటికి పొట్టి కరిస్సా ఉంది. మన వాక్కాయకి దక్షిణాఫ్రికా చుట్టం. తెల్లటి సువాసన పూలు, మందపాటి ఆకులు, రెండుగా చీలిన ముళ్ళు. కుక్కలు, పిల్లులు దాటి రావు. పిల్లలు బంతాట ఆడే చోటికి మాత్రం పనికిరాదు, బంతి వెళ్తే తియ్యడానికి పెద్దవాళ్ళే దిగాలి. అడుగు ఎత్తు చాలు, నడకదారి అంచుకి గీతలా ఉండాలంటే కూఫియా. సన్నటి ఆకులు, ఊదా రంగు చిన్న పూలు, చుట్టూ తేనెటీగలు. నాలుగైదేళ్ళకి ముదిరి కొయ్యబారుతుంది, అప్పుడు దాని కొమ్మలే గుచ్చి కొత్తవి చేసుకోవాలి. నీడ చోట, ఆకుల అందం కోసం పెంచే అరేలియాకి తిరుగులేదు.

ఊళ్ళల్లో దడి అంటే గోరింట కదా, అదెందుకు వద్దని పెద్దవాళ్ళు అడుగుతారు. పెరటి కంచెగా అది గట్టిదే. రెండడుగుల్లో ఆగదు, నీటి ఎద్దడికి ఆకు రాలుస్తుంది, ఆషాఢంలో వీధివాళ్ళంతా తలో గుప్పెడు దూసుకుంటే దడి బోడిగుండు అవుతుంది. పెరట్లో ఒక మూల ఒక్క చెట్టుగా ఉంచుకుంటే అందరికీ సుఖం.

వద్దని గట్టిగా చెప్పాల్సినవి రెండు. ఫైకస్ రకాలు కుండీలో ఎంత పొట్టిగా కనిపించినా మర్రి, రావి కుటుంబానివి. గోడ పునాదికి, నీటి సంపుకి పక్కన వాటి వేరుని నమ్మలేం. రెండోది లాంటానా. అందంగా పూస్తుంది, ఎవరూ నీళ్ళు పొయ్యక్కర్లేదు, నిజమే. 19వ శతాబ్దం మొదట్లో దాన్ని ఈ దేశానికి తెచ్చింది తోటల అందం కోసమే. ఇప్పుడు బండీపుర, బిళిగిరి అడవుల్లో కింద గడ్డి మొలవకుండా కమ్మేసి కూర్చున్నది అదే. దాని పండ్లు తిన్న పిట్ట ఎక్కడ వాలితే అక్కడ విత్తనం పడుతుంది. డురంటా పసుపు పండ్లు కూడా చూడముచ్చటగా ఉంటాయి కానీ విషం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో కాయ పట్టకుండా చూసుకోవాలి.

ఏ మొక్క తేవాలో తేల్చే ముందు గోడ ఏ దిక్కున ఉందో చూడాలి. వాస్తు కోసం కాదు, ఎండ కోసం. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, అప్పుడు అయిదడుగుల గోడ ఉత్తరం వైపు మూడున్నర అడుగులకి పైగా నీడ వేస్తుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వస్తాడు, అదే చోట మధ్యాహ్నం ఎండ పడుతుంది. గోడకి ఉత్తరం పక్కన అడుగున్నర దూరంలో వేసిన దడి ఏడాదిలో సగం నీడలో, సగం ఎండలో గడుపుతుందన్నమాట. డురంటా బంగారు రంగంతా ఎండ ఇచ్చిందే, నీడలో అది మామూలు పచ్చగా మారి, వెలుగు కోసం పైకి సాగుతుంది. అలాంటి చోటికి నందివర్ధనమో అరేలియానో సరైనవి.

నీళ్ళ మాట లేకుండా ఈ ఊళ్ళో తోట మాట లేదు. 2024 మార్చిలో ఎద్దడి ముదిరినప్పుడు తాగునీటిని మొక్కలకి పొయ్యడం మీద బెంగళూరు జలమండలి నిషేధం పెట్టింది, తప్పితే 5,000 రూపాయల జరిమానా. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పొదుపుగా పోసి దడిని నిలబెట్టినవాళ్ళు ఉన్నారు. అపార్ట్‌మెంట్లలో శుద్ధి చేసిన మురుగునీరు తోటకి వస్తుంది, అది పుష్కలమే కానీ లవణాలు ఎక్కువ. ఆ నీళ్ళకి నూరువరహాలు త్వరగా మొహం వాడేస్తాయి. కరిస్సా సర్దుకుపోతుంది. ఇంకో సంగతి, వేగంగా ఎదిగే మొక్క నీరూ వేగంగానే తాగుతుంది. నెలకోసారి కత్తిరించి పారేసే ఆకంతా పోసిన నీళ్ళతో తయారైందే.

కొనే వేళ కూడా ఆలోచించాలి. లాల్‌బాగ్‌లో జనవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి పూల ప్రదర్శనలు జరుగుతాయి, మొక్కలు కొనే సరదా అప్పుడే పుడుతుంది. ఆగస్టులో కొంటే ముందు సెప్టెంబరు, అక్టోబరు వానలున్నాయి, వేరు దిగుతుంది. జనవరిలో కొన్న మొక్కలకి ముందున్నది నాలుగు నెలల పొడికాలం. వాటిని కుండీల్లోనే కాచుకుని జూన్‌లో నాటడం తెలివైన పని.

బెంగళూరు నర్సరీలకి వచ్చే మొక్కల్లో మన కడియం, కడియపులంక నుంచి లారీల్లో వచ్చేవి చాలా ఉంటాయి. గోదావరి గట్టు మొక్క అని సంతోషమే కానీ, కొన్నింటికి వేరు చుట్టూ బంకమట్టి ఉండ ఉంటుంది. దాన్ని అలాగే వదులుగా ఉండే ఎర్రమట్టిలో పాతితే, ఒకసారి ఎండాక ఉండ రాయిలా బిగుసుకుంటుంది. పోసిన నీరు పక్క నుంచి జారిపోతుంది, లోపల వేరు ఎండిపోతుంది. నాటే ముందు ఉండని బకెట్ నీళ్ళలో నానబెట్టి, బయటి మట్టిని వేళ్ళతో మెల్లగా విడదీస్తే సగం చావులు తప్పుతాయి.

ఎడం విషయంలో అమ్మేవాడి మాట వినక్కర్లేదు. అరడుగుకొకటి అంటాడు, ఇరవై అడుగులకి నలభై మొక్కలు పోతాయి. రెండడుగుల వెడల్పు విస్తరించే నందివర్ధనానికీ మాల్పీజియాకీ అడుగుకొకటి, అంటే ఇరవై చాలు. దగ్గరగా వేస్తే మొదటి ఏడాది నిండుగా ఉంటుంది, మూడో ఏడాది వేళ్ళు ఒకదానితో ఒకటి పోట్లాడుకుని కింది ఆకులు రాలిపోతాయి. గోడ నుంచి కనీసం అడుగున్నర వదలాలి, లేకపోతే వెనక వైపు కత్తెర పట్టదు, ఆ వైపు ఎప్పటికీ మోడుగానే ఉంటుంది.

నాటి, కొత్త చిగురు రెండంగుళాలు వచ్చాక మొదటి తుంచుడు. అప్పుడే దడిలా కనిపించడం మొదలెట్టిన మొక్క కొసలు తీసేయాలంటే ఎవరికీ మనసొప్పదు. కానీ నేలకి దగ్గర్లో కొమ్మలు పుట్టే అవకాశం అప్పుడే, తర్వాత ఎంత కత్తిరించినా గుబురు పైనే వస్తుంది. ఆ తర్వాత ప్రతిసారీ రెండు గుంజలకి తాడు కట్టి, అడుగుభాగం పైకంటే రెండు మూడు అంగుళాలు వెడల్పుగా ఉండేలా పక్కల్ని ఏటవాలుగా గీయించాలి. మాలికి చెప్పకపోతే నిటారుగా గీస్తాడు, ఇంకొంచెం హుషారైతే పైన గొడుగులా వదిలేస్తాడు. గొడుగు కింద నీడ, నీడలో ఆకు నిలవదు. ఆ తాడు ఇంట్లోనే ఉంచుకుని, అతను కత్తెర తీసే ముందు మనమే కట్టి ఇవ్వడం సులువు.